ఆటగాళ్లు గంటసేపు ఊళ్లోనే తిరిగారు, ఆట నడిపే డీఎంగా (డంజన్ మాస్టర్) నేనేం మార్చుకోవాలి?

కొత్త_డీఎం:
నలుగురు ఫ్రెండ్స్‌తో ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఆడిస్తున్నాను, ఐదో ఎడిషన్, ఆరు సెషన్లు అయ్యాయి. ప్రతిసారీ పది పన్నెండు పేజీలు రాసుకుంటాను. మొన్న దొంగల గుహకు దారి చెప్పే ఉత్తరాన్ని సత్రంలో ఒక సొరుగులో పెట్టి, పర్సెప్షన్ (గమనించే నైపుణ్యం) డీసీ 15 అన్నాను, అంటే ఇరవై ముఖాల డైస్ మీద పడినదానికి పాత్ర బోనస్ కలిపితే కనీసం 15 రావాలి. నలుగురికీ తక్కువే పడింది. ఇక దారి లేక గంటసేపు ఊరంతా తిరిగారు, చివరికి నాకు టెన్షన్ వచ్చేసి ఒక ముసలాయన్ని దింపి అంతా ఆయన చేత చెప్పించేశాను. ఎవరూ ఏమీ అనలేదు కానీ ఒకడు ఫోన్ చూసుకుంటున్నాడు, చాలా బాధేసింది. ఇంకా ఎక్కువ రాసుకోవాలా? గొంతు మార్చి మాట్లాడడం నేర్చుకోవాలా?

మూడో_పాచిక:
పేజీలు పెంచకండి. కథ నడవడానికి తప్పనిసరి అయిన విషయాన్ని డైస్ మీద వదిలేశారు, ఇబ్బంది అక్కడే వచ్చింది. +2 బోనస్ ఉన్నవాళ్లకి డీసీ 15 అంటే డైస్ మీద కనీసం 13 పడాలి, అంటే 40 శాతం అవకాశం. నలుగురూ తప్పే అవకాశం సుమారు 13 శాతం, ఎనిమిదింటిలో ఒకసారి అలా జరుగుతుంది. సొరుగు తెరిస్తే ఉత్తరం దొరకాలి, అంతే. డైస్ వేయించాలనిపిస్తే, సత్రం యజమాని మెట్లెక్కి వచ్చేలోపు దొరికిందా లేదా అన్నదానికి వేయించండి. ఇలాంటి ఆటల మీద బ్లాగు రాసే జస్టిన్ అలెగ్జాండర్ చెప్పిన త్రీ క్లూ రూల్ కూడా పట్టుకోండి, ఒక్కో విషయానికి కనీసం మూడు ఆధారాలు. ఉత్తరం పోయినా గుర్రాల కాళ్లకు గుహ దగ్గరి ఎర్రమట్టి ఉంటుంది, దోచుకున్న బస్తాలు సంతలో అమ్ముడవుతుంటాయి.

వంతెన_గోబ్లిన్:
గొంతులు అక్కర్లేదండీ. నేను ఇప్పుడు ఒక్క పేజీయే రాస్తాను, ఊళ్లో ఎవరికి ఏం కావాలి, ఎవరు దేనికి భయపడతారు, మనవాళ్లు ఏమీ చేయకపోతే రేపు ఏమవుతుంది. అది ఉంటే ఆటగాళ్లు ఎటు వెళ్లినా మాట తడుముకోను. ఇంకోటి, నేను మొదట్లో వర్ణనంతా ఇంగ్లిష్‌లోనే చెప్పేదాన్ని. ఒకరోజు వంతెన దగ్గర గోబ్లిన్ (పొట్టి రాక్షసుడు) చేత తెలుగులో "మేకపిల్లనిచ్చి దాటండి" అనిపించాను, అరగంట బేరం ఆడారు, నేను అసలు అనుకోని సీన్ అది. అప్పటిదాకా నోరు విప్పని అమ్మాయి వాడితో ఒట్టు కూడా వేయించుకుంది! రూల్స్ మాటలు ఇంగ్లిష్‌లోనే ఉంచాను, మిగతాదంతా తెలుగే.

సెషన్_జీరో:
ఫోన్ చూసుకున్న అబ్బాయిని విడిగా అడిగారా? బోర్ కొట్టిందో, ఇంటి దగ్గర ఏదైనా ఉందో మనకేం తెలుసు. ఒక గంట ఆట ఆపి, ఎవరికి ఫైట్లు కావాలి, ఎవరికి మాటలు కావాలి, ఏ విషయాలు అసలు వద్దు అని అందరినీ అడగండి, మొదటి రోజు అడగకపోయినా ఇప్పుడు అడగొచ్చు. ఆడేటప్పుడు "ఏం చేస్తారు?" అని గదిని అడగొద్దు, పాత్ర పేరు పెట్టి అడగండి.

కొత్త_డీఎం:
వాణ్ణి అడగలేదు, ఈ రాత్రే ఫోన్ చేస్తాను. మరి ఆ ముసలాయన్ని ఏం చేయను? అన్నీ చెప్పేశాడు కదా.

వంతెన_గోబ్లిన్:
ఆయనకు అవన్నీ ఎలా తెలుసు? దొంగల్లో ఒకడు ఆయన కొడుకైతే?