ప్రెషర్ పెడితే కుప్రేట్‌లో స్పిన్ క్రమం ఎందుకు చెదురుతుంది: బంధం కుదించుకుపోయా, వంపు మారా?

(బెంగళూరు తెలుగు ఫిజిక్స్ చర్చా వేదిక)

మల్లేశ్వరం_మ్యూఆన్: ప్రతి కాపర్ పరమాణువుకి 1/8 వంతు బేరియం కలిపిన లాంథనం కుప్రేట్‌లో (కాపర్-ఆక్సిజన్ పొరలున్న పదార్థం) ప్రెషర్ పెంచేకొద్దీ స్పిన్ స్ట్రైప్స్ (ఎలక్ట్రాన్ స్పిన్‌లు చారలుగా అమరడం) ఉన్న భాగం తగ్గుతుందని మ్యూఆన్ కణాలతో చేసిన అయస్కాంత కొలతలు చూపించాయి. కాపర్-ఆక్సిజన్ బంధం పొట్టిదవడమే కారణమంటే నేను ఒప్పుకోను. 2 గిగాపాస్కల్ (సుమారు 20,000 వాతావరణ పీడనాలు) దగ్గర ఆ బంధం అర శాతం కూడా తగ్గదు. సూపర్ ఎక్స్చేంజ్ (పక్కపక్క కాపర్ స్పిన్‌లను ఆక్సిజన్ ద్వారా కలిపే పట్టు) బలం దూరానికి విలోమంగా, దాదాపు ఆరో ఘాతంలో మారుతుందని డోపింగ్ లేని (బేరియం కలపని) లాంథనం కుప్రేట్ మీద రామన్ (చెదిరిన కాంతిని చూసే) కొలతలున్నాయి. ఆ లెక్కన మార్పు మూడు శాతం లోపే, అదీ పెరుగుదల, అంటే స్పిన్ క్రమం బలపడాలి గానీ చెదరకూడదు! కారణం ఆక్టాహెడ్రాల (కాపర్ చుట్టూ ఆరు ఆక్సిజన్ల అమరిక) వంపే.

హెబ్బాళ్_నియాన్: లెక్క బాగుందండీ, ముగింపే తొందరపాటు. 2010 నాటి ఎక్స్-రే ఫలితం చూడండి. 1.85 గిగాపాస్కల్ దగ్గర సగటు వంపు పోయి జాలకం నాలుగు వైపులా సమంగా కనిపించింది. ఛార్జ్ స్ట్రైప్స్ (ఛార్జ్ చారలుగా పోగవడం) మాత్రం అలాగే ఉన్నాయి. వంపే ఆధారమైతే అవి ఎలా మిగిలాయి?

మల్లేశ్వరం_మ్యూఆన్: సగటున పోయింది, లోకల్‌గా పోలేదు. ఇక ఒకే దిశలో నొక్కిన ప్రయోగం: బేరియం 0.115 నమూనాపై సుమారు 0.1 గిగాపాస్కల్‌కే త్రిమితీయ (పొరల మధ్య కూడా సాగే) సూపర్ కండక్టివిటీ మొదలయ్యే ఉష్ణోగ్రత దాదాపు 10 నుంచి 32 కెల్విన్‌కి ఎగబాకింది, స్పిన్ స్ట్రైప్స్ భాగం పడిపోయింది. అంత చిన్న ఒత్తిడికి బంధం పొడవు ఏం మారుతుంది చెప్పండి?

హెబ్బాళ్_నియాన్: అది నా పాయింటే! వంపు ఎంత అన్నది కాదు, ఎటు అన్నది ముఖ్యం. దిశ మారితే స్ట్రైప్స్‌కి పట్టు సడలుతుంది. స్పిన్ స్ట్రైప్స్, త్రిమితీయ సూపర్ కండక్టివిటీ, ఈ రెండు స్థితుల శక్తి తేడా చాలా తక్కువ, అందుకే కొంచెం ఒత్తిడి చాలు.

యలహంక_సెల్: ఇద్దరూ కొలతలను నమ్మేసి మాట్లాడుతున్నారు. పిస్టన్-సిలిండర్ సెల్‌లో నమూనాకి ప్రెషర్ చేరవేసే డాఫ్నీ 7373 ఆయిల్ పోస్తే గది ఉష్ణోగ్రతలో 2.2 గిగాపాస్కల్ దగ్గర గట్టిపడుతుంది. ఆపైన మీరిచ్చేది అన్ని వైపులా సమానమైన ప్రెషర్ కాదు, పక్కకు నెట్టే ఒత్తిడి కూడా కలుస్తుంది. 0.1 గిగాపాస్కల్‌కే లొంగిపోయే పదార్థంలో అది చిన్న విషయమా? చల్లబరిచేటప్పుడు సెల్ ప్రెషర్ 0.2-0.3 గిగాపాస్కల్ మేర తగ్గుతుంది. గది ఉష్ణోగ్రతలో చదివిన అంకె గ్రాఫ్‌లో వేయొద్దు. నమూనా పక్కనే చిన్న సీసం ముక్క పెట్టి అది సూపర్ కండక్టర్‌గా మారే ఉష్ణోగ్రత చూడండి, గిగాపాస్కల్‌కి సుమారు 0.36-0.39 కెల్విన్ దిగుతుంది. ప్రెషర్ చదవడానికి రూబీ మెరుపు రంగు వాడితే ఉష్ణోగ్రత సవరణ తప్పనిసరి. పది కెల్విన్ తేడా వస్తే 0.2 గిగాపాస్కల్ తప్పు చదువుతారు.

డోపింగ్ లేని నమూనాలో అదనపు ఆక్సిజన్ మరో తలనొప్పి. సరైన నమూనాకి నీల్ ఉష్ణోగ్రత (దీని కింద స్పిన్‌లు ఒకదానికొకటి ఎదురుగా అమరతాయి) 325 కెల్విన్ దగ్గర ఉండాలి. 250 చూపిస్తే అది ప్రెషర్ ప్రభావం కాదు, ఆర్గాన్‌లో ఎనీల్ (అదనపు ఆక్సిజన్ పోయేలా వేడిచేయడం) సరిగా కాలేదని అర్థం.

మల్లేశ్వరం_మ్యూఆన్: అయితే 2 గిగాపాస్కల్ పైన ఉన్న పాయింట్లు పక్కన పెడదాం. కింద ఉన్నవాటితోనే వాదిస్తాను, నా మాట మారదు.