అమ్మమ్మ మిషన్‌కు ఏ సూది?

అమ్మమ్మ తొక్కుడు మిషన్ నాకొచ్చింది, పాత నల్ల సింగర్, 15 క్లాస్ అనే మోడల్. ఆవిడ వదిలివెళ్లిన సూది విరిగిపోయింది. బజార్లో తెచ్చిన కొత్త సూది వదులుగా ఊగుతోంది, కుట్లు తప్పుతున్నాయి. దాని కాడ, అంటే మిషన్లో బిగించే పైభాగం, గుండ్రంగా ఉంది. పారేయాలంటే మనసొప్పని మిషన్ ఇది, చెప్పండి.

— మిషన్ తప్పేం లేదమ్మా. మీకిచ్చింది డీబీ×1 అయ్యుంటుంది, ఫ్యాక్టరీ మిషన్లది, కాడ 1.62 మి.మీ. మాత్రమే. హెచ్ఏ×1 అడగండి, పాత పేరు 15×1. కాడ 2 మి.మీ. ఉంటుంది, ఒకవైపు చదును. ఆ చదును ఎడమవైపుకి పెట్టండి, బాబిన్ ఉండే షటిల్ అటే ఉంటుంది. దారం కుడి నుంచి ఎడమకి ఎక్కించాలి.

— కాటన్ జాకెట్టుకి 14 నంబరు సూది, పల్చటి పట్టుకి 11.

— 14 పెట్టాను అక్కా. జాకెట్టు చెయ్యి మొత్తం కుట్టేశాను, ఒక్క కుట్టూ తప్పలేదు! అమ్మకి ఫోన్లో ఆ చప్పుడు వినిపించాను.