ఒకే ఫైల్‌లో అందరి కర్సర్లు... నా పని నేను ఎప్పుడు చేసుకోవాలి?

మాది చిన్న స్టార్టప్. డిజైనర్లం ముగ్గురమే, ఫిగ్మా అనే ఆన్‌లైన్ డిజైన్ టూల్‌లో, ఎవరి కర్సర్ ఎక్కడుందో అందరికీ కనిపించే ఒకే ఫైల్‌లో పనిచేస్తాం. వినడానికి చిన్న సమస్యే గానీ, రెండు నెలలుగా బుర్ర తినేస్తోంది.

మొన్న సైన్-అప్ స్క్రీన్ మొదలుపెట్టాను. ఓటీపీ బాక్స్ ఎక్కడ పెట్టాలో ఇంకా తేల్చుకోనేలేదు, ఫౌండర్ గారి కర్సర్ వచ్చి పక్కనే నిలబడింది. నిమిషంలో కామెంట్: "ఈ బటన్ ఇంకాస్త పెద్దగా ఉంటే?" అది బటన్ కూడా కాదు, కొలత కోసం గీసుకున్న డబ్బా! ఆ తర్వాత గంటసేపు నాకు చేయి ఆడలేదు.

సరేనని పోయిన వారం వేరే ఫైల్ తెరుచుకుని మూడు రోజులు ఒంటరిగా చేశాను. హాయిగా సాగింది. తీరా చూపిస్తే, అదే ఫ్లో (స్క్రీన్ల వరుస) మా ఇంకో డిజైనర్ వేరే కాంపోనెంట్లతో (బటన్లు, బాక్సుల్లాంటి రెడీమేడ్ భాగాలతో) సగం చేసేసి ఉంది. డెవలపర్ అయితే, నేను పెట్టిన ఎర్రర్ మెసేజ్‌లు సర్వర్ నుంచి రావని ఒక్క మాటలో తేల్చేశాడు.

డిజైన్ స్ప్రింట్‌లో (టీమంతా కొద్ది రోజుల్లో ఐడియా నుంచి నమూనా దాకా వెళ్లే పద్ధతిలో) లాగా ఎవరికి వారు 8 నిమిషాల్లో 8 స్కెచ్‌లు గీసి, తర్వాత కలిసి చూడటం కూడా ప్రయత్నించాం. ఐడియాల వరకు బాగుంది. ఆ తర్వాత వచ్చే వివరాల పనికే దారి దొరకట్లేదు. ఫిగ్మాలో బ్రాంచింగ్ (అసలు ఫైల్‌ని కదపకుండా పక్కన కాపీలో పనిచేసి తర్వాత కలిపే సౌకర్యం) ఉంది గానీ అది పెద్ద ప్లాన్లలోనే, మాకు కుదరదు.

సగం అయిన పనిని మీరు ఏ దశలో టీమ్‌కి చూపిస్తారు? "ఇప్పుడే చూడొద్దు సార్" అని ఫౌండర్‌కి నొప్పి కలగకుండా ఎలా చెప్తారు?