పేపరు హెడ్‌లైన్లతో ఇంగ్లిష్ పదాలు, ఇడియమ్స్: ఎక్కడ మొదలుపెట్టాలి?

వేళచ్చేరి_చదువరి:

నమస్తే అండీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ప్రస్తుతం చెన్నైలో ఉంటూ బ్యాంకు పరీక్షలకి చదువుతున్నాను. ఇంగ్లిష్ పేపరు తెప్పిస్తున్నాను. లోపలి వార్త నిదానంగా చదివితే ముప్పాతిక వంతు అర్థమవుతోంది కానీ పైనున్న హెడ్‌లైనే కొరుకుడు పడట్లేదు. ఈ తరహావి చూడండి:

"స్టేట్ మల్స్ సాప్స్ ఫర్ ఈవీ మేకర్స్"
"హెచ్‌సీ ర్యాప్స్ సివిక్ బాడీ ఓవర్ డ్రెయిన్ వర్క్"
"టూ హెల్డ్, వన్ ఎట్ లార్జ్ ఇన్ గోల్డ్ హైస్ట్"

డిక్షనరీలో 'మల్' చూశాను, 'ర్యాప్' చూశాను, అయినా వాక్యం అతకలేదు. రోజుకి ఎన్ని పదాలు పట్టుకోవాలి, ఎలా రాసుకోవాలి? ఇడియమ్స్ కూడా ఇందులోంచే వస్తాయా, వాటికి వేరే పుస్తకం కావాలా? నేర్చుకున్న మాటల్ని ఆఫీసు మెయిల్స్‌లో, పరీక్షలో వ్యాసం, లేఖ రాసే డిస్క్రిప్టివ్ పేపర్లో వాడొచ్చా?

డెస్క్_కత్తెర:

ముందు ఒక సంగతి. హెడ్‌లైన్ రాసేది వార్త రాసిన రిపోర్టర్ కాదు, డెస్క్‌లో ఉండే సబ్ ఎడిటర్. ఆయనకి కాలమ్ వెడల్పు ఎంతో అంతే చోటు. 'ఇన్వెస్టిగేషన్'కి ఇంగ్లిష్‌లో 13 అక్షరాలు, 'ప్రోబ్'కి 5. 'కాంట్రవర్సీ'కి 11, 'రౌ'కి 3. 'అప్రూవల్'కి 8, 'నాడ్'కి 3. అందుకే మామూలు సంభాషణలో ఎవరూ అనని పొట్టి మాటలు అక్కడ గుంపుగా కనపడతాయి. ఇవి ఎన్నో లేవు. యాభై, అరవై మాటలు పట్టుబడితే నగరం పేజీ చాలావరకు లొంగుతుంది.

డిక్షనరీ చూసినా అతకకపోవడానికి కారణం పదం కాదు, వ్యాకరణం. హెడ్‌లైన్‌లో 'ఏ', 'ద' ఉండవు, 'ఈజ్', 'వాజ్' ఉండవు. నిన్న జరిగినదాన్ని వర్తమానంలో రాస్తారు, 'ర్యాప్స్' అంటే మందలించింది అనే. 'టు' వస్తే జరగబోయేది: "మెట్రో టు రన్ టిల్ మిడ్‌నైట్". ఒంటరిగా 'హెల్డ్', 'కిల్డ్', 'షట్' వస్తే ముందు 'వాజ్' గానీ 'వర్' గానీ మింగేశారని అర్థం. ఇద్దరు పట్టుకోలేదు, ఇద్దరిని పట్టుకున్నారు. కామా చాలాచోట్ల 'అండ్'. కోలన్ పక్కన మనిషి పేరో పదవో ఉంటే 'అన్నారు'. సింగిల్ కోట్స్‌లో ఉన్న మాటకి పత్రిక పూచీ పడట్లేదు, అది ఎవరో చేసిన ఆరోపణ.

నామవాచకాలు గొలుసుగా వచ్చినప్పుడు చాలామంది బెదిరిపోతారు గానీ నిజానికి మనకి అదే తేలిక. "స్టార్మ్‌వాటర్ డ్రెయిన్ టెండర్ ప్రోబ్ ప్యానెల్"ని అదే వరుసలో తెలుగు చేయండి: వాననీటి కాలువ టెండర్ దర్యాప్తు కమిటీ. వరుస మార్చాల్సిన పనే లేదు.

ఇప్పుడు మీ మూడూ. ఈవీ (విద్యుత్ వాహనాల) తయారీదారులకి తాయిలాలు ఇచ్చే యోచనలో రాష్ట్రం. కాలువ పనులపై కార్పొరేషన్‌కి హైకోర్టు మొట్టికాయ. బంగారం దోపిడీలో ఇద్దరు అరెస్టు, ఒకరు పరారీ. 'సాప్' అంటే తాయిలం, 'మల్' అంటే యోచన, 'ఎట్ లార్జ్' అంటే పరారీలో. 'ర్యాప్' అంటే అసలు అర్థం వేలి కణుపులతో టక్కున కొట్టడం, అందుకే మొట్టికాయ అన్నాను. చూశారా, తెలుగు పేపరు హెడ్‌లైన్ భాష మీకు ముందే వచ్చు. ఇంగ్లిష్ హెడ్‌లైన్ మాటని మామూలు తెలుగులోకి కాకుండా తెలుగు హెడ్‌లైన్ మాటలోకి మార్చుకోండి. 'నాడ్'కి పచ్చజెండా, 'స్లామ్'కి మండిపాటు, 'రిలీఫ్'కి ఊరట, 'సెట్‌బ్యాక్'కి ఎదురుదెబ్బ, 'ఎమిడ్'కి నడుమ. 'సమ్మతి తెలుపుట' అని రాసుకుంటే నాలుగు రోజుల్లో మరిచిపోతారు.

ఉచ్చారణ కూడా పక్కనే రాసుకోండి. గొడవ అనే అర్థంలో అది 'రౌ', వరుస అనే అర్థంలో 'రో'. స్పెల్లింగ్ ఒకటే.

పూండి_నీళ్లు:

పై సమాధానం బాగుంది. పద్ధతి గురించి నేను చెప్తాను.

రోజుకి ఇరవై నిమిషాలు, ఐదు హెడ్‌లైన్లు, కొత్త పదాలు మూడే. నాలుగోది ఎంత ముద్దొచ్చినా వదిలేయండి. రోజుకి పదేసి రాసుకునేవాళ్ల నోట్‌బుక్ రెండో వారానికి ఆగిపోతుంది, ఎందుకంటే పాతవి తిరగేయడానికి పట్టే సమయం కొత్తవి రాయడానికి పట్టేదాన్ని దాటేస్తుంది.

హెడ్‌లైన్ చదివి, లోపలి వార్త చెయ్యితో మూసి, విషయం ఏమై ఉంటుందో తెలుగులో ఒక్క ముక్క అనుకోండి. తర్వాత మొదటి పేరా చదవండి. దాన్నే లీడ్ అంటారు. హెడ్‌లైన్‌లో కుదించిన మాట లీడ్‌లో దాదాపు ఎప్పుడూ విప్పి ఉంటుంది. పైన 'నాడ్' ఉంటే కింద 'గేవ్ ఇట్స్ అప్రూవల్ టు' ఉంటుంది, పైన 'ప్రోబ్' ఉంటే కింద 'ఆర్డర్డ్ యాన్ ఇంక్వైరీ ఇంటు' ఉంటుంది. ఈ జంటే మీకు కావలసిన సరుకు. డిక్షనరీ ఆ తర్వాతే.

నోట్‌బుక్‌లో అడ్డంగా నాలుగు గళ్లు చాలు: హెడ్‌లైన్ మాట, లీడ్‌లో దాని జంట, తెలుగు హెడ్‌లైన్ మాట, చివర మీరు సొంతంగా రాసిన పూర్తి వాక్యం. నాలుగో గడిని ఎగ్గొట్టకండి. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనకి 'ఏ', 'ద' ఎలాగూ జారిపోతాయి, పైగా అవి లేని వాక్యాలనే రోజూ చదివితే డిస్క్రిప్టివ్ పేపర్లో అలాగే రాసేసి మార్కులు పోగొట్టుకుంటాం. "హెచ్‌సీ ర్యాప్స్ సివిక్ బాడీ"ని "ద హై కోర్ట్ హ్యాజ్ క్రిటిసైజ్డ్ ద కార్పొరేషన్" అని విప్పి రాస్తే పోయిన ఆర్టికల్స్, సహాయక క్రియలు చేతితోనే వెనక్కి వస్తాయి.

తిరగేయడం మర్నాడు ఒకసారి, నాలుగో రోజున, పదో రోజున, నెలకి. ఫోన్లో చేసుకునేట్టయితే ఫ్లాష్‌కార్డులతో గుర్తుచేసే ఆంకి యాప్ ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో కొనాలి.

ఏ వార్త చదవాలన్నదీ ముఖ్యమే. విడివిడి వార్తలకంటే వారం, పది రోజులు సాగే వార్త ఒకటి పట్టుకోండి, అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి. చెన్నైలో ఉన్నారు కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వార్తలకి మించిన పాఠం లేదు. 'ల్యాష్' అంటే వాన కొరడాతో కొట్టినట్టు కురవడం, 'ఇనండేట్' ముంచెత్తడం, 'మరూన్డ్' నీళ్ల మధ్య చిక్కుకుపోవడం, 'బ్రిమ్' చెరువు అంచు, 'బ్రీచ్' గండి. వాన తగ్గాక "సిటీ లింప్స్ బ్యాక్ టు నార్మల్", అంటే కుంటుకుంటూ మామూలు స్థితికి వస్తోందని. చెంబరంబాక్కం చెరువు నిండితే ఈ మాటలన్నీ ఒకే పేజీలో దొరుకుతాయి.

ఇంకో మంచి వార్త మనకే ప్రత్యేకం: చెన్నై తాగునీటికి వచ్చే కృష్ణా నీళ్లు. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చి ఊత్తుకోట దగ్గర తమిళనాడు సరిహద్దు జీరో పాయింట్ దాటి పూండి జలాశయానికి చేరతాయి. 1983 ఒప్పందం ప్రకారం ఏటా 12 టీఎంసీలు. నీళ్లు వదిలిన ప్రతిసారీ నెల్లూరు, తిరుపతి వైపు తెలుగు పేపర్లలోనూ ఇక్కడి ఇంగ్లిష్ పేపర్లలోనూ అదే వార్త. రెండూ పక్కపక్కన పెట్టండి. తెలుగులో 'నీటి విడుదల', 'క్యూసెక్కులు', 'బకాయి' ఉన్నచోట ఇంగ్లిష్‌లో 'రిలీజ్', 'క్యూసెక్స్', 'డ్యూస్'. విషయం ముందే తెలుసు కాబట్టి బుర్ర మొత్తం భాష మీదే పెట్టొచ్చు.

పాత పేపర్లు కావాలంటే ఎగ్మూర్‌లో కన్నెమరా గ్రంథాలయం ఉంది. 1896 నుంచి నడుస్తోంది. దేశంలో ప్రచురించిన పుస్తకాలు, పత్రికల ప్రతులు చట్టం ప్రకారం చేరే గ్రంథాలయాల్లో అదొకటి.

సామెతల_మూట:

ఇడియమ్స్ సంగతి. హెడ్‌లైన్ ఇడియమ్‌ని పరిచయం చేస్తుంది, నేర్పదు. ఎందుకంటే సబ్ ఎడిటర్లకి చమత్కారం ఇష్టం, ఇడియమ్‌ని విరిచి వాడతారు. దురైసామి సబ్‌వేలో నీళ్లు నిలిచాయనుకోండి. "నాట్ యెట్ వాటర్ అండర్ ద బ్రిడ్జ్" అని పెట్టగలరు. ఇడియమ్ అర్థం గడిచిపోయిన గొడవ, ఇక తవ్వక్కర్లేదని. ఇక్కడ వంతెన కింద నిజంగానే నీళ్లున్నాయి. అసలు ఇడియమ్ తెలియనివాళ్లకి 'వంతెన కింద నీళ్లు' అనే మిగులుతుంది. చెపాక్‌లో వానకి ఆట ఆగితే 'రెయిన్ చెక్' అంటారు, ఇడియమ్‌గా దాని అర్థం 'ఇప్పుడు కాదు, ఇంకోసారి చూద్దాం' అని. ఆటల పేజీ, సినిమా పేజీ ఇలాంటివాటికి గని, కాబట్టి మొదటి రెండు నెలలు వాటి జోలికి వెళ్లకండి. అన్నట్టు, చెన్నైలో సబ్‌వే అంటే రైలు పట్టాల కింది రోడ్డు, అమెరికాలో మెట్రో రైలు.

ఇడియమ్స్‌ని మూడు కుప్పలుగా విడగొడితే పని తేలికవుతుంది. ఒకటి, తెలుగులో అదే బొమ్మ ఉన్నవి: 'అవుట్ ఆఫ్ ద ఫ్రైయింగ్ ప్యాన్ ఇంటు ద ఫైర్' అంటే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు, 'యాడ్ ఫ్యూయల్ టు ద ఫైర్' అంటే అగ్నికి ఆజ్యం, 'క్రోకడైల్ టియర్స్' మొసలి కన్నీరు. వీటికి శ్రమే అక్కర్లేదు. రెండు, అర్థం అదే గానీ బొమ్మ వేరు: 'బిట్వీన్ ద డెవిల్ అండ్ ద డీప్ సీ' మన ముందు నుయ్యి వెనక గొయ్యి, 'ఎ ఫెదర్ ఇన్ ద క్యాప్' మన కలికితురాయి, 'ఎట్ లాగర్‌హెడ్స్' ఉప్పూనిప్పూలా ఉండటం. మూడు, మనకి దగ్గర బొమ్మ లేనివి: 'రెడ్ టేప్' (ఆఫీసు నిబంధనల జాప్యం), 'పాస్ ద బక్' (బాధ్యత ఇంకొకరి మీదకి నెట్టడం), 'ఎ షాట్ ఇన్ ది ఆర్మ్' (కొత్త ఊపు). నోట్‌బుక్‌లో చోటు ఈ మూడో కుప్పకే ఎక్కువ ఇవ్వండి.

'ఐవాష్' దగ్గర ఒక సరదా. "ప్రోబ్ ఈజ్ మియర్ ఐవాష్" అని ప్రతిపక్షం అంటే తెలుగు పేపరు "కంటితుడుపు దర్యాప్తు" అంటుంది. రెండిట్లోనూ కన్ను ఉంది, ఒకటి కడిగేది, ఒకటి తుడిచేది.

ఎర్రసిరా:

ఒక అభ్యంతరం. పైవాళ్లు చెప్పినవన్నీ చదవడానికి పనికొస్తాయి, వాడటానికి కాదు. మెయిల్‌లో "మై మేనేజర్ స్లామ్డ్ మీ", "వి ఆర్ ప్రోబింగ్ ద బగ్" అని రాస్తే నవ్వుతారు. 'క్రిటిసైజ్డ్', 'లుకింగ్ ఇంటు' రాయాలి. 'నాడ్' బదులు 'అప్రూవల్'. అందుకే నోట్‌బుక్‌లో రెండో గడి మాటలే మీ చేతి నుంచి బయటికి రావాలి, మొదటి గడివి కంటికి మాత్రమే.

మన దేశం పేపర్లలోనే ఎక్కువగా తిరిగే మాటలకి చుక్క పెట్టుకోండి. 'క్లీన్ చిట్' విదేశీ క్లయింట్‌కి తెలియకపోవచ్చు. 'చిట్' మన చీటీకి చుట్టమే. 'అండర్ ద స్కానర్' కూడా ఇక్కడిదే, బయట 'అండర్ స్క్రూటినీ' అంటారు. 'మూట్' ఇక్కడ ప్రతిపాదించడం, అమెరికన్ చెవికి 'చర్చించి లాభం లేనిది'. 'టేబుల్' మరీ చిక్కు: బ్రిటన్‌లో, మన దగ్గర చర్చకి పెట్టడం, అమెరికాలో చర్చని పక్కన పెట్టడం. 'శాంక్షన్' అయితే ఒకే పేపర్లో రెండు రకాలు, మూడో పేజీలో నిధుల మంజూరు, విదేశీ పేజీలో ఆంక్షలు. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ లాంటి డిక్షనరీల్లో భారతీయ వాడుకకి, పత్రికల వాడుకకి గుర్తులుంటాయి. అర్థం కంటే ముందు ఆ గుర్తు చూడండి.

వేళచ్చేరి_చదువరి:

అందరికీ థాంక్స్ అండీ. లీడ్ మూసి మూడు ప్రయత్నించాను, దిద్దండి.

"ఈసీఆర్ మిషాప్: టోల్ రైజెస్ టు 4". ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ప్రమాదం జరిగితే టోల్ ఎందుకు పెంచారో అర్థం కాలేదు.
"హెచ్‌సీ స్టేస్ ఎవిక్షన్, సీక్స్ రిప్లై". ఖాళీ చేయించే ఉత్తర్వుని హైకోర్టు కొట్టేసింది, జవాబు కోరింది.
"జీసీసీస్ టు హైర్ మోర్ ఫ్రెషర్స్". గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ కొత్తవాళ్లని తీసుకోబోతోంది.

డెస్క్_కత్తెర:

మొదటిది: ఇక్కడ 'టోల్' అంటే మృతుల సంఖ్య, 'డెత్ టోల్'లో 'డెత్' మింగేశారు. నలుగురికి పెరిగింది. టోల్‌గేటు రుసుము అయితే 'రైజెస్' కంటే 'హైక్డ్' ఎక్కువ కనిపిస్తుంది, పక్కన రూపాయి గుర్తూ ఉంటుంది.

రెండోది దగ్గరదాకా వచ్చారు. 'స్టే' అంటే తాత్కాలికంగా ఆపడం, కొట్టేయడం 'క్వాష్'. వాక్యంలోనే ఆధారం ఉంది: ఉత్తర్వు కొట్టేస్తే కేసు తేలిపోయినట్టే, ఇక జవాబు ఎందుకు అడుగుతారు? కోర్టు మాటల్లో ఇలాంటి తేడాలు ముందు నేర్చుకోండి. 'బెయిల్' వస్తే నిర్దోషి అయినట్టు కాదు, దానికి 'అక్విటెడ్' అనాలి. 'రిజర్వ్స్ వర్డిక్ట్' అంటే తీర్పు ఇవ్వలేదు, వాయిదా వేసి ఉంచారు. ఇంకోటి, ఊరి పేరు మారినా కోర్టు పేరు మద్రాస్ హైకోర్టే, అందుకని 'మద్రాస్ హెచ్‌సీ' అనే చూస్తారు.

మూడోదానిలో చివరి 'స్' చూడండి, అది బహువచనం. చెన్నై కార్పొరేషన్ ఒకటే కదా. వ్యాపారం పేజీలో జీసీసీ అంటే గ్లోబల్ కేపబిలిటీ సెంటర్, విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకునే సొంత ఆఫీసు. నగరం పేజీలో కార్పొరేషన్. విదేశీ పేజీలో గల్ఫ్ దేశాల కూటమి. నోట్‌బుక్‌లో హెడ్‌లైన్ పక్కన అది ఏ పేజీదో కూడా రాసుకోండి.