లాగ్ సగంలో ఆగిపోతే ఆటోమేటన్ ఒప్పుకున్నట్టా, కాదా?

కోటజంక్షన్: విజయనగరంలో బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టండి. పొలం మోటార్ స్టార్టర్ లాగ్ చెక్ చేయాలి. రూల్ ఒక్కటే, స్విచ్ ఆన్‌లో ఉన్న ప్రతిసారీ తర్వాతి వరసలో మోటార్ తిరగాలి. ఎల్‌టీఎల్‌లో (వరస తర్వాత వరసకి రూల్ రాసే లాజిక్) రాసి స్పాట్ అనే టూల్‌తో ఆటోమేటన్ (వరసలు ఒక్కొక్కటే చదువుతూ స్టేట్లు మారే యంత్రం) తీశాను. లాగ్ చివరి వరసలో స్విచ్ ఆన్, మోటార్ ఆఫ్, అక్కడితో అయిపోయింది. ఆటోమేటన్ యాక్సెప్టింగ్ స్టేట్‌లోనే, అంటే ఒప్పుకునే స్థితిలోనే ఉంది. పాస్ అనుకోవచ్చా?

నాగావళి: అనుకోకూడదు. అది బ్యూకీ ఆటోమేటన్, అంతులేని పదాల కోసం, అంటే ఎప్పటికీ ఆగని వరసల కోసం పుట్టింది. యాక్సెప్టింగ్ స్టేట్‌కి ఒకసారి చేరితే చాలదు, ఎప్పటికీ మళ్లీ మళ్లీ వస్తూనే ఉండాలి. పైగా నీ రూల్‌కి అన్ని స్టేట్లూ యాక్సెప్టింగే, తప్పు దొరకనంతసేపూ ఎక్కడ ఆపినా తలూపుతుంది. చివరి వరసనే అంతం లేకుండా తిప్పి చూడు. ఫెయిల్.

గంటస్తంభం: ఏటి మాస్టారూ, లాగ్‌లో లేని వరసలు మీరెలా పుట్టిస్తారు? 2013లో డి జియాకోమో, వార్డి పరిమిత పదాలకే, అంటే ఎక్కడో ముగిసే లాగ్‌లకే, ఎల్‌టీఎల్‌ఎఫ్ చెప్పారు కదా. స్పాట్‌లోనే ఉంది, 'అలైవ్' అని ఒక గుర్తు కలిపి పదం ఎక్కడ ముగిసిందో చూపిస్తుంది.

నాగావళి: దాంతో చూసినా తర్వాతి వరస లేదు కాబట్టి ఫెయిలే. ఇంకెందుకు గొడవ?

గంటస్తంభం: చివర్లో స్విచ్చూ మోటారూ రెండూ ఆన్ అనుకోండి. మీరు తిప్పితే పాస్, ఎల్‌టీఎల్‌ఎఫ్‌లో ఫెయిల్. ఇదే ముక్క వైవాలో చెప్పినందుకు ఎక్స్‌టర్నల్‌గారు నాకు మార్కులు కోసేశారు, మీలాగే తిప్పే రకం.

పలాసజీడి: మళ్లీ మొదలెట్టారా ఇద్దరూ.

నాగావళి: ఆయన మీది కోపం నా మీద తీర్చుకోకండి! వీక్ నెక్స్ట్ (తర్వాతి వరస లేకపోయినా సరే అనే ఆపరేటర్) పెడితే మీ ఎల్‌టీఎల్‌ఎఫ్ కూడా పాస్ అంటుంది. కావలసిన జవాబు ముందే అనుకుని ఆపరేటర్ ఎంచుకోవడం ఏం లాజిక్కు?

అరసవల్లి: లాగ్ ఎందుకు ఆగిందో ఆ అబ్బాయిని ఒక్కరూ అడగరేం?

కోటజంక్షన్: కరెంటు పోయింది సార్. లాగర్‌కి బ్యాటరీ లేదు.

అరసవల్లి: అయితే ముగిసింది లాగ్ కాదు, మనం చూడటం. బావర్, లోయకర్, షాల్‌హార్ట్‌ల మూడు విలువల పద్ధతి దీనికే. ఇకముందు ఏం జరిగినా రూల్ తప్పేదైతే ఫెయిల్, ఏం జరిగినా నిలిచేదైతే పాస్, రెండూ కాకపోతే తేలలేదు. నీది తేలలేదు.

గంటస్తంభం: 'తేలలేదు' అని రిపోర్టులో రాస్తే గైడ్ సంతకం పెడతారా?

నాగావళి: కరెంటు పోతే మోటారూ ఆగుతుంది, స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. అంటే చివరి వరసే తిరుగుతోంది. నేను మొదట చెప్పింది అదే.

గంటస్తంభం: కరెంటు ఉన్నప్పుడు మాత్రమే అని రూల్‌లో ఎక్కడుంది, చూపించండి.