టెక్సాస్ చలిలో ఇంట్లో చోటిచ్చినవాళ్ళకి 20 డాలర్లలో ఏమివ్వాలి? అసలు ఇవ్వాలా?

ప్లేనోవాసి (ఫిబ్రవరి 27, 2021):
మొన్నటి మంచు తుఫానులో, 15వ తేదీ తెల్లవారుజామున మాకు కరెంటు పోయింది. విడతల వారీ కోత, కాసేపట్లో వచ్చేస్తుందన్నారు. రాత్రయినా రాలేదు. హాల్లో 41 ఫారెన్‌హీట్, అంటే 5 సెల్సియస్. పాపకి రెండేళ్ళు, చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. మా ఆయనకి ఆఫీసులో తెలిసినాయన ఫోన్ చేసి "వచ్చెయ్యండి, మాది హాస్పిటల్ ఉన్న లైను, కరెంటు పోలేదు" అన్నారు. నాలుగు మైళ్ళకి నలభై నిమిషాలు పట్టింది. మూడు రాత్రులున్నాం. వాళ్ళ పడగ్గది మాకిచ్చేసి వాళ్ళు హాల్లో కార్పెట్ మీద పడుకున్నారు.

ఇంటికొచ్చేసరికి పైపు పగిలి సీలింగ్ ఊడిపడింది. ఇన్సూరెన్స్ డిడక్టిబుల్, అంటే ఖర్చులో మొదట మనం భరించాల్సిన వాటా, మేమే కట్టుకోవాలి. అందుకే 20 డాలర్లు దాటి పెట్టలేం. మా ఆయన గిఫ్ట్ కార్డ్ ఇద్దామంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. మీరైతే ఏమిస్తారండీ?

అవనిగడ్డ అబ్బాయి:
ఏమీ ఇవ్వకండి. ఆపదలో అన్నం పెట్టినవాళ్ళకి వెంటనే వస్తువు చేతిలో పెడితే, బాకీ తీర్చేసి చేతులు దులుపుకున్నట్టుంటుంది. 1977 దివిసీమ ఉప్పెనలో మా నాన్నావాళ్ళు ఒకళ్ళ మేడ మీద తలదాచుకున్నారు. వాళ్ళకి ఏ బహుమతీ ఇవ్వలేదు. కానీ ఆ ఇంట్లో పెళ్ళంటే ఈ రోజుకీ నాన్న మూడు రోజుల ముందే వెళ్ళి పందిరి దగ్గరుండి వేయిస్తారు.

ఇర్వింగ్ ఇల్లాలు:
అది ఊళ్ళో చెల్లుతుంది తమ్ముడూ. ఇక్కడ వచ్చే ఏడాదికి ఎవరు ఏ రాష్ట్రంలో ఉంటారో తెలీదు. పెళ్ళిదాకా ఆగితే ఈ జన్మకి కుదరకపోవచ్చు. ఆ వారం కొట్లలో అరలు ఖాళీ, పాలు కూడా దొరకలేదు. వాళ్ళు దాచుకున్నదే మీకు పెట్టారు. తరిగిపోయిన సరుకు నింపండి: బియ్యం, నూనె, పాలు.

కరీంనగర్ బిడ్డ:
అక్కా, నేను అటువైపు మనిషిని. మా ఇంట్ల ఆ మూడు దినాలు పదకొండు మందిమి ఉన్నం. ఒకాయన 50 డాలర్ల కార్డు ఇచ్చిండు. మంచి మనసుతోనే ఇచ్చిండు, కానీ హోటల్ల టిప్పు పెట్టినట్టు అనిపించింది. ఇంకొకరు బియ్యం బస్తా తెచ్చిన్రు. మా అత్తమ్మ మొఖం చిన్నబోయింది. "తిన్నది లెక్కగట్టి తెచ్చిన్రా బిడ్డా?" అన్నది.

ఒక అక్క మాత్రం పోయేటప్పుడు ఏం మాట్లాడకుండ పక్కబట్టలన్నీ మూటగట్టి కార్ల ఏసుకుంది. ఏడు కంఫర్టర్లు, చద్దర్లు, దిండు గలీబులు. నాలుగో రోజు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి తెచ్చింది. పైన ఒక కవర్ల సకినాలు. బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె, అంతే ఖర్చు. అత్తమ్మ ఆమెను ఇయ్యాల్టికీ తలుస్తది.

ఇంకో మాట. మాకు కరెంటు ఉండుడు మా గొప్పతనం కాదు. గ్రిడ్ కూలకుండ ఎర్‌కాట్ (టెక్సాస్ల కరెంటు గ్రిడ్ నడిపే సంస్థ) కోతలు పెట్టుమంటే, దవాఖాన, ఫైర్ స్టేషన్ ఉన్న లైన్లు ముట్టుకోలేదు. టెక్సాస్ల 45 లక్షల ఇండ్లు చీకట్ల ఉన్నయి, మాది ఆ లైన్ల పడింది. మాకు ఋణపడ్డట్టు అనుకుంటే మాకే కష్టమనిపిస్తది.

హ్యూస్టన్ నుంచి:
పనికొచ్చేదే ఇవ్వాలంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇవ్వండి, 20, 25 డాలర్లకి వస్తుంది. గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చుని, బొగ్గుల గ్రిల్ ఇంట్లోకి తెచ్చుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్ళని ఇక్కడ చూశాం. వాటి నుంచి వచ్చే ఆ విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే పోతారు.

ఇర్వింగ్ ఇల్లాలు:
బియ్యం బస్తా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఉత్త చేతులతో మాత్రం వెళ్ళొద్దు. పిల్లలున్న ఇల్లు కదా.

అవనిగడ్డ అబ్బాయి:
పక్కబట్టలు ఉతికివ్వడం నాకూ నచ్చింది. అది బహుమతి కాదు, ఇంటి మనిషి పని. నేను చెప్పేదీ అదే.

ప్లేనోవాసి:
అందరికీ ధన్యవాదాలు. వచ్చేసేటప్పుడు వాళ్ళావిడ స్టీలు డబ్బాలో పులిహోర పెట్టిచ్చారు. ఆ డబ్బా ఇంకా మా దగ్గరే ఉంది, ఖాళీగా ఎలాగూ ఇవ్వకూడదు. మినప సున్నుండలు చేస్తున్నాను, పప్పు, బెల్లం, నెయ్యి కలిపి 15 డాలర్లు దాటవు. వాళ్ళబ్బాయి తన గ్రహాల బొమ్మల దుప్పటి మా పాపకి కప్పాడు. పాప వదలకపోతే "ఉంచుకోనీ ఆంటీ" అన్నాడు. ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టాను. వాళ్ళ పెరటి కొళాయి గడ్డకట్టి చీలిపోయింది. మా ఆయన గిఫ్ట్ కార్డ్ మాట మానేసి, ఆదివారం నేనే వెళ్ళి మారుస్తానంటున్నారు.

ఒక్క సందేహం. వాళ్ళత్తగారికి షుగర్. ఆవిడకి విడిగా ఏం చేయను?

కరీంనగర్ బిడ్డ:
సకినాలు చెయ్యక్కా. చుట్టుడు రాకపోతే ఫోన్ చెయ్యి, వీడియోల చూపిస్త.