అప్‌డేట్: రికార్డ్ ప్లేయర్, సీడీ ప్లేయర్ శబ్దస్థాయి సమస్య

రికార్డు వింటూ ఆంప్లిఫయర్ స్విచ్ సీడీ వైపు తిప్పగానే గది అదిరిపోతోందని, వాల్యూమ్ ముట్టుకోకుండా రెండూ ఒకే స్థాయిలో వినడం ఎలాగని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. సమస్య తీరింది, దాదాపుగా.

లెక్క వేస్తే తేడా తేలిపోయింది. నా కార్ట్రిడ్జ్ (రికార్డు మీద ముల్లును మోస్తూ, దాని కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) ఇచ్చేది 5 మిల్లీవోల్టులు. ఫోనో ప్రీఆంప్, అంటే ఆ చిన్న సిగ్నల్‌ను ఆంప్లిఫయర్‌కు సరిపడా పెంచే పరికరం, దాన్ని 40 డెసిబెల్స్, అంటే వంద రెట్లు పెంచితే 0.5 వోల్టు. సీడీ ప్లేయర్ గరిష్ఠంగా ఇచ్చేది 2 వోల్టులు. నాలుగు రెట్లు, అంటే 12 డెసిబెల్స్ తేడా. రికార్డులో బిగ్గరైన చోట్ల వోల్టేజి ఇంకా పెరుగుతుంది కనుక ఇది ఉజ్జాయింపే.

ప్రీఆంప్ గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలన్నది) ఎక్కువ చేస్తే హమ్, అంటే వెనకాల వినిపించే గుయ్‌మనే రొద, కూడా పెరుగుతుంది, అందుకే ఆ సలహా పక్కన పెట్టి సీడీనే తగ్గించాను. ఒక్కో ఛానెల్‌కు సిగ్నల్ దారిలో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత సిగ్నల్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 3.3 కిలోఓమ్‌లది. ఈ రెండూ కలిసి సీడీ వోల్టేజిని దాదాపు నాలుగో వంతుకు దించుతాయి. అన్నీ విలువలో 1 శాతానికి మించి తేడా ఉండని మెటల్ ఫిల్మ్ రకమే. కుడి ఎడమలు తేడా రాకూడదు కదా. వాటిని చిన్న రేకు డబ్బాలో బిగించి ఆంప్లిఫయర్ పక్కనే పెట్టాను. డబ్బా తర్వాత కేబుల్ పొడవైతే పై ఫ్రీక్వెన్సీలు మందగిస్తాయి.

దాదాపుగా అన్నదెందుకంటే, 1980ల నాటి సీడీలు ఇప్పుడు కాస్త మెల్లగా, 2000 తర్వాతివి కాస్త గట్టిగా వినిపిస్తున్నాయి. అది మాస్టరింగ్ (సీడీ ముద్రించే ముందు శబ్దానికి తుది మెరుగులు దిద్దే పని) చేసినవారి పుణ్యం, రెసిస్టర్లకు లొంగదు. కాసెట్ డెక్‌కు అవుట్‌పుట్ నాబ్ ఉంది కాబట్టి దానితో పేచీ లేదు.